నీళ్లు పోసే ఆమె, మా ఎర్త్ గుంత

2024 నవంబరు 20, బుధవారం ఉదయం. ఏన్కూరు, మా ఇంటి పెరడు.

గుంత దగ్గర ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, కరెంటు పని చేసే వైర్‌మన్, గోడ అవతల బండి ఆపుకుని చూస్తున్న పాలాయన. గుంతకు అవతలి ఒడ్డున, చేతిలో కొడవలితో, ఆమె.

ఆ రోజు డైరీలో ఇంతే రాశాను. మిగతా పేజీ ఖాళీ. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఏ రోజూ పేజీ వదలని వాణ్ణి, ఆ రోజు కోపంతో కలం మూసేశాను. ఆమె ఈ వేసవిలో పోయింది. పెద్దకర్మ భోజనం చేసి ఇంటికి వచ్చాక ఆ పేజీ తీసి చూస్తే కోపం ఇంకా ఉంది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. అనడానికేం, అంటారు.

మా వీధిలో బాలింతలకు, పసిబిడ్డలకు నీళ్లు పోసేది ఆమె. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి. మా ఆవిడకు వదిన, మా అమ్మాయికి అత్తమ్మ. చుట్టరికం ఏమీ లేదు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. అయినా వీధిలో సగం మంది పిల్లల ముక్కులు తాను తీర్చినవేనని ఆమె వాదన. పసిపిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె పట్టిస్తూ, ముక్కు దూలాన్ని రెండు వేళ్లతో పైకి లాగేది. అలా చేయొద్దని డాక్టరమ్మ చెప్పిందని నేనంటే, తల ఎత్తకుండానే జవాబిచ్చేది.

"మీ డాక్టరమ్మను ఒకనాడు రమ్మను తమ్మీ. ఆమె ముక్కు సుత చక్కగ జేస్త."

ఏ పిల్లనూ ఆమె బాగుందనడం నేను వినలేదు. "ఏం పోరివే నువ్వు, కోతి మొకం దానా, నీకు మొగుడెట్ల దొరుకుతడే" అంటూ మొదలుపెట్టి, సాంబ్రాణి పొగ వేసి గుడ్డలో చుట్టేదాకా తిడుతూనే ఉండేది. తిట్లు ఆగితే పిల్లలే బెంగపడి ఏడ్చేవారు. ఇళ్లను మనుషుల పేర్లతో కాక నీళ్లతో గుర్తుపెట్టుకునేది. ఫలానా వాళ్లవి తీపి నీళ్లు. ఫలానా వాళ్లవి తుప్పు వాసన. మావి సబ్బును మింగే నీళ్లు. "మీ బోరు నీళ్లకు ఒక్క సబ్బు రెండు దినాలు రాదు" అని మా ఆవిడతో ప్రతిసారీ కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేది.

మా అమ్మాయి ఖమ్మంలో ఆపరేషన్ కాన్పు అయ్యి, ఆడపిల్లతో మా ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఈమె గేటు గొళ్లెం టపటపా కొట్టి, ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చింది. అంతవరకు బాగానే ఉంది.

అప్పటికి మా ఇంట్లో నీళ్లు కాచేది రాడ్‌తో. బకెట్లో ఇనుప రాడ్ వేలాడదీసి, ప్లగ్గు పెట్టి, కాగేదాకా కాపలా కాయడం. ఆ ఏర్పాటు నాకు ఎన్నడూ నచ్చలేదు. గ్యాస్ పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి మోసే నడుము మా ఆవిడకు లేదు. అందుకని ఊరుకున్నాను. బస్సు డిపో స్టోర్లో ముప్ఫై ఏళ్లు స్పేర్ పార్టుల మధ్య బతికినవాణ్ణి. ఏ వస్తువు ఎక్కడ ఎట్లా విరిగి మనిషిని తింటుందో కొంత తెలుసు. రాడ్ వేసినప్పుడల్లా పక్కనే నిలబడేవాణ్ణి.

ఆమె వచ్చిన ఆ మొదటి రోజు నేను పేపరు కోసం గేటు దాకా వెళ్లి వచ్చేసరికి ఆమె తడి నేల మీద పీట వేసుకుని కూర్చుని, రాడ్ ఉన్న బకెట్లో చూపుడు వేలు ముంచుతోంది. ప్లగ్గు అలాగే ఉంది.

"అక్కా! స్విచ్ ఆపకుండా వేలు పెట్టకు!"

"ఆపితె ఎట్ల దెలుస్తది?" అని వేలు తీసి చూసుకుంది. "చురుక్కుమన్నది. కరెంటు ఉన్నది. ఇంక కాగలే."

"చురుక్కుమందంటే షాక్ కొట్టినట్టు!"

"కొట్టనీయ్. చిన్నగనే కొట్టింది."

నేను వెళ్లి ప్లగ్గు పీకాను. అదే పూట కత్తెర తెచ్చి రాడ్ వైరు కత్తిరించి పారేశాను. గీజర్ పెట్టించాలని అక్కడికక్కడే నిర్ణయం జరిగింది. అది వచ్చేదాకా గ్యాస్ మీద కాచిన నీళ్లు ఆమే మోసుకుని పోసింది. పెట్టేదేదో పద్ధతిగా పెట్టాలి. ఆ గీజర్ కింద తడి నేల మీద కూర్చునేది కుట్లు ఇంకా ఆరని నా కూతురు, కళ్లు సరిగా తెరవని నా మనవరాలు, షాక్‌ను చిన్నది పెద్దది అని కొలిచే ఈ మనిషి.

గీజర్‌తో వచ్చిన పుస్తకం ఇంగ్లిషులో ఉంది, హిందీలో ఉంది, తెలుగులో లేదు. రెండు రోజులు కూర్చుని చదివి కావలసినవి కాగితం మీద ఎక్కించాను. స్నానం చేసే మనిషి నెత్తి మీదికి రాకుండా పక్క గోడకు, గట్టి ఇటుక ఉన్న చోట బిగించాలి. స్విచ్ స్నానాలగది బయట ఉండాలి. దీనికని వేరే లావు వైరు బోర్డు నుంచే రావాలి. సేఫ్టీ వాల్వు మూతికి అడ్డం ఏదీ పెట్టకూడదు. దాని నుంచి కారే నీళ్లకు కిందిదాకా పైపు దించాలి. ట్యాంకు నిండి వేడి కుళాయిలోంచి ధార పడ్డాకే కరెంటు ఇవ్వాలి. అన్నిటికీ మించి ఎర్తింగ్.

వైర్‌మన్ ఆ కాగితం చూసి నవ్వాడు.

"సార్, గింత కథెందుకు? ఈ పచ్చ వైరు కుళాయి పైపుకు కడ్తె అయిపాయె. ఊరంత గట్లనే."

"ఆ పైపు ఏదో చూశావా?"

గోరుతో గీకి చూశాడు. "అవ్ సార్. ప్లాస్టికే."

ప్లాస్టిక్ పైపుకు ఎర్త్ వైరు కట్టిన ఇళ్లు మా ఊళ్లో ఎన్ని ఉన్నాయో నేను ఆలోచించదలచుకోలేదు. పెరట్లో మనిషి లోతు గుంత తవ్వించాను. మధ్యలో ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ల ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు కరెంటుకు దారి ఇస్తుంది. పైపుకు రాగి తీగ బిగించి ఇంట్లోకి లాగించాను. పైన సిమెంటు మూత వేయడం ఒక్కటే మర్నాటికి మిగిలింది. మంగళవారం సాయంత్రానికి అంతా నా కాగితం ప్రకారమే జరిగింది.

కాగితంలో లేనిది ఒక్కటి జరిగింది. లైన్ ఇచ్చే ముందు వైర్‌మన్ సంచిలోంచి నిమ్మకాయ తీశాడు.

"నిమ్మకాయ కొయ్యంది నేను లైన్ ఇయ్య సార్. పని నేర్పినాయన పెట్టిన అలవాటు."

రెండు చెక్కలు కోసి, కుంకుమ అద్ది, గుంతలో పైపుకు అటొకటి ఇటొకటి ఉప్పు మీద పెట్టాడు. నేను అడ్డు చెప్పలేదు. నిమ్మకాయ వల్ల ఎర్తింగ్‌కు నష్టమేమీ లేదు కదా అనుకున్నాను. నేను లెక్కవేసింది కరెంటును ఒక్కదాన్నే.

బుధవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే మాకంటే ముందు లేచి వచ్చింది. గేటు దాటి పెరటి దారిన నడిచింది. నల్లటి బొగ్గు, తెల్లటి ఉప్పు, ఎర్రటి నిమ్మచెక్కలు, మధ్యలో ఇనుము, దానికి చుట్టిన రాగి తీగ. చూసింది. వెనక్కి వెళ్లి కొడవలి తెచ్చింది. తీగ తెగ్గోసింది. మోచేతి లోతు దాకా ఉప్పు, బొగ్గు తవ్వి, గమేళాలోకి ఎత్తి, కాలువలో కలిపి వచ్చింది. సిమెంటు బస్తాతో వచ్చిన వైర్‌మన్ కేకకు నేను బయటికి పరుగెత్తాను.

"ఏం చేశావక్కా ఇది?"

"కండ్లు కనవడ్తలేవా? తీసిన. కాలువల కలిపిన."

"అది ఎర్తింగ్!"

"ఏదైతేంది? బాలింతున్న ఇంట్ల ఉప్పు, బొగ్గు, కుంకుమ నిమ్మకాయ మన్నుల వెడ్తరా? చదువుకున్నోనివి తమ్మీ, నీకేమన్న తెలివున్నదా?"

వైర్‌మన్ ముందుకొచ్చాడు. "పెద్దమ్మా, గది నేను వెట్టిన. కంపెనీ బుక్కుల గట్లనే ఉన్నది."

"నిమ్మకాయ సుత ఉన్నదా బుక్కుల?"

వాడు నా మొహం చూశాడు. నేను గుంత మొహం చూశాను.

ఓపిక కూడగట్టుకుని చెప్పాను. గీజర్ లోపల కాయిల్ ఉంటుంది, అది చెడితే కరెంటు నీళ్లలోకి, నీళ్లలోంచి మనిషి ఒంట్లోకి వస్తుంది, ఈ తీగ ఉంటే మనిషిని వదిలేసి భూమిలోకి పోతుంది అని. ఆమె శ్రద్ధగా వింది.

"భూమిలకు పోతె, భూమి మీదున్నోళ్ల సంగతేంది?"

గోడ అవతల పాలాయన కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. లీకేజీ అయితే దానంతట అదే పడిపోయే స్విచ్ కూడా పెట్టించారు కదండీ, ఈ ఒక్క పూటకు కానిద్దామా అని మా ఆవిడ మెల్లగా అడిగింది. కానివ్వడానికి వీల్లేదన్నాను. ఎర్త్ లేకపోతే ఆ స్విచ్ మనిషి ఒంట్లోంచి కరెంటు పోయినప్పుడే పడుతుంది. స్విచ్ పనిచేస్తుందో లేదో నా కూతురి ఒంటితో పరీక్ష పెట్టను.

"గుంత నింపితేనే గీజర్ వేసేది" అన్నాను.

"గుంత పూడిస్తెనే నేను గడప తొక్కేది" అంది ఆమె. కొడవలి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజంతా ఇంట్లో స్నానం లేదు. మా ఆవిడ అమ్మాయికి తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది. పిల్ల చెమట పొక్కులతో రుసరుసలాడింది. "మీ అక్కాతమ్ముళ్ల కొట్లాటలో నా పిల్ల నెత్తిన చెంబెడు నీళ్లు లేవు. పుస్తకం చదివారుగా, అందులో ఆవిడకు ఎట్లా చెప్పాలో రాయలేదా?" అని మా ఆవిడ నన్నే దెప్పింది. మా ఆవిడది మధిర వైపు. కోపం వచ్చినా మాట మెత్తగా ఉంటుంది, దెబ్బ మాత్రం లోపలికి దిగుతుంది. అమ్మాయి మంచం మీద నుంచి, "నాన్నా, అత్తమ్మకు చెప్పేటప్పుడు నువ్వు డిపోలో మెకానిక్‌కు మెమో ఇచ్చినట్టు చెప్తావు" అంది.

మెమో ఇస్తే కనీసం సంతకం పెట్టి తీసుకునేవాళ్లు.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు. నేనే అరుగు మీద కూర్చున్నాను.

"అక్కా, నువ్వు నిజంగా అది చేతబడి అనుకున్నావా?"

"నేననుకుంటె ఏంది, అనుకోకుంటె ఏంది?" కొంచెంసేపు గింజలు తీసింది. "నువ్వు పెట్టినవని నాకు దెల్వదా? మొన్న గుంత తోడంగ సూడలేదా?"

నాకు అర్థం కాలేదు. తెలిసి తీసిందా? అప్పుడు ఆ నిమ్మకాయ ప్రశ్నేమిటి, ఆ తిట్లేమిటి?

"మీ ఇంట్లకు పొద్దుగాల ముందు వచ్చేదెవరు?"

"నువ్వే."

"పిల్లకు జరమొస్తె, పాలు తాగకుంటె, ఇడువకుండ ఏడిస్తె, వీధిల మాటెవరి మీదికొస్తది? గుంత తోడిపిచ్చిన సారు మీదికా, కరెంటు పిలగాని మీదికా? మొగడు లేంది, పిల్లలు లేంది, దినాం పిల్లను పట్టుకునేది, దాని మీదికా?"

ఆమే చెప్పింది. ఆమె పుట్టిన ఊరు భద్రాచలం దారిలో, అడవి అంచున. ఆమెకు నీళ్లు పోయడం నేర్పింది సొంత పెద్దమ్మ. ఒక ఇంట్లో పిల్ల చచ్చిపోయింది. ఆ ఇంటి వెనక మన్నులో ఉప్పు, బొగ్గు, నిమ్మచెక్కలు కనిపించాయి. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఆ ఇంటికి రోజూ ఎవరు వచ్చిపోతారని మాత్రం అడిగారు.

"నోట్ల పండ్లు పీకిండ్రు" అంది. చింతగింజ తీసి పక్కన వేసింది. "ఆయెనక మా పెద్దమ్మ ఎన్ని దినాలు బతికితె అన్ని దినాలు గంజే తాగింది."

"మరి పొద్దున్నే ఈ మాట ఎందుకు చెప్పలేదక్కా?"

"గోడకాడ పాలాయన లేడా?"

అదీ ఆమె పద్ధతి. పది మంది ముందు తిట్టాల్సింది తిట్టి, చెప్పాల్సింది కడుపులో పెట్టుకుని వెళ్లిపోవడం. ఒక్క మాట నా చెవిలో వేస్తే ఆ రోజంతా ఇంట్లో ఆ రభస ఉండేది కాదు. ఆ మాటే అన్నాను కూడా.

"నీ చెవిలేస్తె నువ్వు పుస్తకం దెస్తవ్" అంది.

చివరకు ఆమే తీర్పు చెప్పింది. గుంత మళ్లీ నింపుకోవచ్చు. నిమ్మకాయ వద్దు. చాటుగా వద్దు. వీధి అంతా చూస్తుండగా, ఏది ఎందుకు వేస్తున్నారో గట్టిగా చెప్తూ వేయాలి. నేను సరేనన్నాను. ఇంటి గీజర్ ఎర్తింగ్‌కు గ్రామసభ పెట్టాలా అని దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చాను. భోజనం చేసేటప్పుడు కూడా గొణిగాను. మా ఆవిడ వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున నేను బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఆమె మా గేటు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. దారిన పోయేవాణ్ణి ఒక్కణ్ణీ పోనివ్వడం లేదు.

"ఓరి, ఎటు ఉరుకుతున్నవ్? ఇటొచ్చి సూసిపో. ఇది కరెంటు గుంత. సారు ఇంట్ల గీజరు పెట్టిండు. దానికి ఉప్పు, బొగ్గు తింటెనె మంచిదంట."

"తినదక్కా. తేమ పట్టడానికి" అన్నాను బ్రష్ తీసి.

"అదే. తేమ తింటదంట."

మిర్చి చేనుకు పోయే ఆడవాళ్లు ఆగారు. చద్దిగిన్నెలు గోడ మీద పెట్టారు. వైర్‌మన్ కొత్త తీగ బిగించి, బొగ్గు వరస వేసి, ఉప్పు వరస కోసం బస్తా విప్పాడు. ఆమె ఊరుకోలేదు. వచ్చిన ప్రతి మనిషి చేతా దోసెడు ఉప్పు వేయించింది. వరసలు పాడవుతాయని నేను అరుస్తూనే ఉన్నాను. బొగ్గు వేయాల్సిన చోట ఉప్పు పడింది, ఉప్పు పడాల్సిన చోట ఎవరో ముసలాయన చుట్ట పీక పడేశాడు. ఒకావిడ దోసిలి కళ్లకద్దుకుని వేసింది. "మొక్కకే! ఇది దేవుడు గాదు, కరెంటు!" అని ఆమె గద్దించింది. నా కాగితంలో ఉన్న పద్ధతి అక్కడితో అయిపోయింది. వైర్‌మన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"సార్, ఇది ఎర్తింగా, తలంబ్రాలా?"

బిందెలతో నీళ్లు పోశాక, మీటరు పెట్టి కొలవమన్నాను. మీటరు లేదన్నాడు. తెస్తానని చెప్పి తేనివి ఎన్నో, అందులో ఇదొకటి. బదులుగా బల్బు తెచ్చాడు. అందర్నీ దూరం జరిపి, ఒక తీగ మెయిన్ బోర్డులో కలిపి, రెండో తీగ గుంతలోంచి వచ్చిన రాగికి తగిలించాడు. మట్టిలోకి పోయిన తీగతో బల్బు భగ్గున వెలిగింది. కలిసిపోయిన వరసలతో, చుట్ట పీకతో సహా వెలిగింది. ఆడవాళ్లు "అబ్బో" అన్నారు. ఆమె బల్బు వైపు చూడలేదు. చూస్తున్న మొహాల వైపు చూసింది. ఒక్కొక్క మొహం, వరసగా, చివరిదాకా చూసింది.

నేను ట్యాంకు నింపి, వేడి కుళాయిలో ధార పడ్డాక స్విచ్ వేశాను. కాగాక ఆపి, ప్లగ్గు కూడా తీసి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మాయిని మా ఆవిడ నడిపించుకుని లోపలికి తీసుకువెళ్లింది. ఆమె చీర ఎగదోపుకుని, పిల్లను ఎత్తుకుని వెనకే పోయింది. గేటు దగ్గర జనం ఇంకా కదల్లేదు. చద్దిగిన్నెలు గోడ మీదే ఉన్నాయి.

మొదటి చెంబు పడగానే పిల్ల కెవ్వుమంది. ఊపిరి పట్టి, నీలుక్కుపోయి, మళ్లీ కెవ్వుమంది. గేటు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఒకావిడ పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది.

స్నానాలగది చిన్న కిటికీలోంచి ఆమె గొంతు వీధిలోకి వచ్చింది.

"ఏందే, అందరు గమ్మునైండ్రు? నీళ్లు వోస్తె పిల్ల ఏడుస్తది. మీ పిల్లలు ఏడ్వలేదా నా చేతుల? రేపు సుత ఏడుస్తది. పోండ్రి, జల్దీ పోండ్రి, ఎండ ముదిరితె చేన్ల నడుములిరుగుతయ్!"

మోచెయ్యి వదిలిన ఆవిడ ముందుగా చద్దిగిన్నె అందుకుంది. తర్వాత ఒక్కొక్కరే కదిలారు. లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆమె కోతి మొకం దానా అని తిడుతూ, చెంబు వెనక చెంబు పోస్తూనే ఉంది.